వెనకపడ్డవాళ్లకే కలిపే పని

తిరుపతిలో మా ఇంట్లో ఫోను తీగ ఒక్కటే. మాట్లాడాలన్నా అదే, మా అమ్మాయి కంప్యూటరు మద్రాసు ఆఫీసుకు కలవాలన్నా అదే. మా ఆయన పోయాక నన్ను ఒంటరిగా వదల్లేక ఆ పిల్ల ఇంట్లోంచే పని చేసేది. ఒక లాడ్జిలో గదులివ్వడానికి వాడే ప్రోగ్రాము అది. మద్రాసులో ఒకబ్బాయీ, ఇక్కడ మా పిల్లా కలిసి రాసేవాళ్లు. ఏరోజుకారోజు సాయంత్రంలోపు ఈమె వంతు చేరకపోతే మద్రాసుకే వచ్చి పని చేయాలని ఆఫీసు పెద్దాయన చెప్పేశాడు.

నాకు సంతకానికి మించి చదువు రాదు. అయినా వినీ వినీ వాళ్ల పద్ధతి తెలిసిపోయింది. ఇద్దరూ ఒకే చోట దిద్దితే ముందు పంపినవాళ్లది హాయిగా వెళ్లిపోతుంది. వెనక పంపినవాళ్లను కంప్యూటరు ఆపేస్తుంది. రెండు రాతలూ ఒకదాని కింద ఒకటి పెట్టి, ఏది ఉంచాలో నువ్వే తేల్చమంటుంది. మాదేమో ఈడ్చుకుంటూ నడిచే లైను. వెనకపడేది ఎప్పుడూ మా పిల్లే.

ఆరోజూ అంతే. వదలాల్సిన టైము దాటితే గది ఖాళీ అని మద్రాసు అబ్బాయి రాశాడు. సామాను లోపలుంటే ఖాళీ కాదని ఈమె రాసింది. లాడ్జి ఓనరు ఇద్దరికీ వేర్వేరుగా చెప్పాడట.

"ఆ అబ్బోడిది తీసేసి నీది పెట్టెయ్ పాపా," అన్నాను.

"తీసేస్తే అతను చేసింది పోతాది మా. అడగాల."

"అడుగు మరి."

"ఫోను చేయాలంటే ఈ లైను కట్ చేయాల కదా!"

కట్ చేసి అడిగింది. కొండకు పోయినవాళ్లు ఆలస్యంగా దిగుతారు కాబట్టి, టైము దాటగానే సామాను ఉందా అని కౌంటర్లో వాళ్లను కంప్యూటరే అడిగేలా రెండూ కలుపుదామని ఒప్పుకున్నారు. ఈమె కూర్చుని కలిపి, మళ్లీ లైను పట్టి పంపబోతే కంప్యూటరు మళ్లీ ఆపేసింది. ఆ మధ్యలో అతను అక్కడే ఇంకోటి దిద్ది పంపేశాడు!

మా పిల్ల కళ్లలో నీళ్లు. నాకు ఒళ్లు మండింది. లైను తీయించి, ఆ అబ్బాయి నంబరు కొట్టించి, ఫోను నేనే అందుకున్నాను.

"ఏం నాయనా, కుదురుగా కూసోలేవా? మా పాప ఇంత కలిపేలోపల నువ్వు అంత కెలుకుతా ఉండావే!"

"చిన్న మార్పే అత్తా..."

"చిన్నదో పెద్దదో, మా పాప అయిందనేదాకా దాని మీద చెయ్యి పెట్టొద్దు. పోయి టీ తాగు."

"ఇప్పుడే తాగొచ్చినా అత్తా," అని నవ్వాడు.

"ఇంకోటి తాగు!"

తాగాడేమో. మా పిల్ల మొదటినుంచీ మళ్లీ కలిపి, చీకటి పడకముందే పంపింది. ఈసారి వెళ్లింది. మద్రాసు ప్రయాణం తప్పింది. ఆమె నవ్వుతోంది గానీ నా కోపం దిగలేదు. మరునాడు పెద్దాయన ఫోను చేసి ఆమెను అడిగింది ఒక్కటే.

"ఆ అబ్బాయిది ఎప్పుడో వచ్చేసింది. నీదెందుకమ్మా అంత లేటు?"