రిపోర్టులకు అందని నొప్పి

మొన్న మా అన్నయ్య కూతుర్ని మియాపూర్‌లో ఒక కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. తన కడుపునొప్పి ఒట్టి టెన్షనేనని అందరూ తేల్చేశారనీ, ఇక ఉద్యోగం మానేస్తాననీ ఆ పిల్ల ఏడుస్తుంటే ఊరుకోలేకపోయాను. డాక్టరమ్మ కాగితం మీద పేగు గోడ బొమ్మ గీసి, అక్కడ కాపలా కాసే రోగనిరోధక కణాలు కొందరిలో ఊరికే ఉలిక్కిపడి రసాయనాలు వదులుతాయనీ, పక్కనున్న నరాలు వాటికి రెచ్చిపోయి మామూలు కదలికను కూడా నొప్పిగా చెబుతాయనీ, మామూలు పరీక్షల్లో ఇదేదీ కనపడదనీ చెప్పింది. టెన్షన్ దాన్ని పెంచుతుందే గానీ నొప్పి కల్పన కాదంది. మా పిల్ల కంటే ముందు నా కళ్లు చెమర్చాయి.

హైటెక్ సిటీలో రాళ్లగుట్టల మధ్య అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది, మధ్యాహ్నం డబ్బాలన్నీ బల్ల మీద తెరిచి అందరి కూరలూ అందరూ రుచి చూడటమే అప్పట్లో స్నేహం. ఒక వానాకాలం విరేచనాలు పట్టుకుని తగ్గాక నా కడుపు మళ్లీ మునుపటిలా కాలేదు, పెరుగన్నం తప్ప ఏది తిన్నా మెలిపెట్టేది. ఎవరి కూరా ముట్టనందుకు నాకు పొగరని పేరొచ్చింది. రిపోర్టులన్నీ బాగున్నాయని తెలిసిన రోజు మా అత్తమ్మ, "దవాఖానల ఏం లేదన్నరు గద, ఇగ గీ పరేషాన్ ఏంది? అన్నీ పని తప్పించుకునే సాకులు" అంది.

నేను మాత్రం ఆ రిపోర్టుల్ని నమ్మలేదు. ప్రోగ్రాంలో తప్పు పట్టి చూపిస్తే, "మా దగ్గర బాగానే పనిచేస్తోంది" అని దాన్ని రాసినవాళ్లు నాతో రోజూ అనే మాటే అది. కనపడలేదంటే లేదని కాదు, ఇంకా సరైన చోట వెతకలేదని నా ఉద్యోగమే నాకు నేర్పింది. ఆ ధైర్యంతోనే పెరుగన్నం డబ్బా పట్టుకుని పదవీ విరమణ దాకా దర్జాగా నెట్టుకొచ్చాను.

మా రోజుల్లో మేమైతే కడుపునొప్పిని జ్వరమని రాసి సెలవు పెట్టేవాళ్లం. మా పిల్ల మాత్రం సెలవు చీటీలో ఉన్న జబ్బు పేరే రాసిందట, జాగ్రత్తగా ఉండమని పై అధికారి జవాబిచ్చాడట, ఉద్యోగం మానేసే మాట మళ్లీ ఎత్తలేదు. డాక్టరమ్మ గీసిన బొమ్మను నేనే అడిగి పుప్పాలగూడలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. తీరా తెచ్చాక ఎవరికి చూపించాలో తోచలేదు. మా అత్తమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆమె ఒక్కసారి నమ్మి ఉంటే బాగుండేదని, ఈ వయసులో కూడా అనిపిస్తూనే ఉంది.