నేను చెప్పనమ్మా అన్న మాస్టారు

మాస్టారు పోయారన్న వార్త నాకు పిల్లల్ని ఎక్కించుకునే స్కూలు పికప్ లైన్‌లో తెలిసింది. ముందు కారు కదిలినా నేను కదల్లేదు. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఈ ఊళ్ళో పికప్ లైన్‌లో హారన్ కొట్టారంటే నేనెంతసేపు అలా ఉండిపోయానో మీరే ఊహించుకోండి. మాస్టారి అమ్మాయి పంపిన మెసేజ్ చిన్నది. నాన్న నిద్రలోనే వెళ్ళిపోయారు, క్లాసు వాళ్ళందరికీ చెప్పండి అని.

చెప్పాను. అందరికంటే ముందు మా అత్తగారికి చెప్పాను. ఆవిడ వంటింట్లో కూరగాయలు తరుగుతున్నారు. కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, వెళ్ళి సోఫాలో కూర్చున్నారు. కాసేపటికి, "నా పేరు నన్నే చెప్పమన్న మనిషి" అన్నారు.

చర్చిలో జరిగిన ప్రార్థనలో పాస్టరుగారు మాస్టారి గురించి చాలా మంచి మాటలు చెప్పారు. ఆయన జీవితంలో ఎవరినీ నొప్పించలేదన్నారు. అందరూ తలలూపారు. వెనక వరసలో కూర్చున్న నాకు మాత్రం లేచి, ఒక్క సవరణ అండీ, నన్ను నొప్పించారు అనాలనిపించింది. చావింట్లో అనే మాట కాదు కాబట్టి ఊరుకున్నాను. ఇక్కడ అంటాను. ఆయన్ను నిజంగా తలుచుకోవాలంటే ఆ మాట దాచి తలుచుకోవడం నాకు చేతకాదు.

మాస్టారిది భీమవరం దగ్గర. అక్కడ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరై, అమెరికాలో ఉన్న కూతురి దగ్గరికి వచ్చి, ఇక్కడే సిటిజన్ అయ్యారు. అయ్యాక ఊరికే ఉండలేకపోయారు. శనివారాలు తెలుగు చర్చి హాల్లో సిటిజన్‌షిప్ పరీక్షకు క్లాసు మొదలుపెట్టారు. మేము గుడికి వెళ్ళే మనుషులం. అయినా శనివారం వస్తే మా అత్తగారు ఇస్త్రీ చీర కట్టుకుని చర్చికి బయల్దేరేవారు. మా డబ్లిన్ నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అమ్మమ్మలూ తాతయ్యలూ వచ్చేవారు. హాల్లో మార్కర్లతో రాసే తెల్ల బోర్డే ఉన్నా, మాస్టారి జేబులో ఎప్పుడూ ఒక సుద్దముక్క ఉండేది. ఎందుకు మాస్టారూ అంటే, అది లేకపోతే నోరు రాదమ్మా అనేవారు.

ఆయన క్లాసులో ఒక పద్ధతి ఉండేది. భార్యను అడిగిన ప్రశ్నకు భర్త జవాబు చెప్పకూడదు. మొదటి రోజుల్లో ఇది అసాధ్యంగా ఉండేది. ఆవిణ్ణి పేరడిగితే ఆయన చెప్పేవాడు, పుట్టిన ఊరడిగితే ఆయనే చెప్పేవాడు. మాస్టారు రెండు వారాలు చూసి, మూడో వారం మగవాళ్ళందరినీ పార్కింగ్ లాట్‌లోకి పంపేశారు. ఆ రోజు మా అత్తగారు తన పేరు, ఇంటిపేరుతో సహా, గట్టిగా చెప్పారట. చట్టాలు ఎవరు చేస్తారంటే కాంగ్రెస్ అని చెప్పి, మన కాంగ్రెస్సేనా అని అనుమానం కూడా అడిగారట. పేరు అదే, ఊరు వేరు అన్నారట మాస్టారు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూ ఆవిడ నవ్విన నవ్వు నేను మా పెళ్ళయ్యాక మొదటిసారి విన్నాను. ఆ నవ్వుకు నేను మాస్టారికి రుణపడి ఉన్నాను. ఆ లెక్క వేరు, నేను చెప్పబోయే లెక్క వేరు.

మా వీధి పిల్లల్ని ఫ్రీవే అవతలి స్కూలుకు మారుద్దామని స్కూల్ బోర్డు ఆలోచిస్తోందని తెలిసినప్పుడు, మా తెలుగు వాట్సాప్ గ్రూపు అట్టుడికిపోయింది. తిట్టినవాళ్ళే గానీ బోర్డు మీటింగుకు వెళ్ళినవాళ్ళు లేరు. అత్తగారిని తీసుకెళ్ళడానికి చర్చికి వచ్చి నేనూ అక్కడ నిలబడి అందరినీ తిడుతుంటే మాస్టారు విన్నారు. ఇదంతా నాకెందుకు చెబుతున్నావమ్మా, అక్కడికెళ్ళి చెప్పు, మైకు ఇస్తారు అన్నారు. వెళ్ళాను. మైకు అందుకున్నాను. వెనక్కి తిరిగి చూస్తే చివరి వరసలో మాస్టారు, గొంతు దాకా బొత్తాలు పెట్టుకున్న చొక్కా, ఒళ్ళో గొడుగు. ఆ ఎండాకాలంలో గొడుగు తెచ్చే మనిషి ఆయనొక్కరే.

మీటింగయ్యాక పార్కింగ్‌లో అన్నారు, "ఈసారి ఎన్నికల్లో స్కూల్ బోర్డులో మన ఏరియా సీటు ఖాళీ అవుతుందట. నువ్వు నిలబడమ్మా. నీ వెనక నేనుంటాను."

ఆ రెండో వాక్యాన్ని నమ్మే నేను నిలబడ్డాను. ఇది గుర్తుపెట్టుకోండి.

నిజం చెప్పాలి, ఆయన ఉన్నారు. ఆ వయసులో నాతో ఇల్లిల్లూ తిరిగారు. బెల్లు కొట్టి నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడేవారు. తలుపు తీయగానే మనిషి మీద పడ్డట్టు ఉండకూడదనేవారు. ఎవరి గడ్డి మీదా కాలు పెట్టేవారు కాదు. కుక్క మొరిగితే దానికి కూడా గుడ్ మార్నింగ్ చెప్పేవారు. తెల్లవాళ్ళైనా చైనావాళ్ళైనా మనవాళ్ళైనా ఒకటే మాట, ఈ అమ్మాయి హోంవర్క్ చేసి వస్తుంది అండీ అని, తన ఇంగ్లీషులో. నాకు పోటీగా నిలబడింది ఒక రిటైరైన టీచరమ్మ. చాలా ఏళ్ళు ఇక్కడి పిల్లలకే చదువు చెప్పింది. గట్టి మనిషే. కానీ మనవాళ్ళ ఓట్లు మనకు పడితే గెలుస్తామని అందరూ అన్నారు.

బ్యాలెట్లు పోస్టులో ఇళ్ళకు వచ్చాక, ఆదివారం మా ఇంట్లో భోజనాలు పెట్టాం. ఆలోచన మా ఎదురింటి శ్రీనుది. మనవాళ్ళకు కవరు తెరిచే తీరిక ఉండదు, అందరూ బ్యాలెట్లు తెచ్చుకుంటే ఇక్కడే నింపేసి ఒకేసారి డ్రాప్ బాక్సులో వేసి వద్దాం అన్నాడు. గుత్తివంకాయ, పప్పుచారు, పులిహోర చేశాను. మాస్టారి క్లాసులో పాసై సిటిజన్లైన పెద్దవాళ్ళు దాదాపు అందరూ వచ్చారు. వాళ్ళకది మొదటి ఓటు. మాస్టారు ఏ పేరు చెబితే ఆ పేరుకు వేసే మనుషులు. అది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

భోజనాల మధ్యలో శ్రీను వాళ్ళమ్మ చేతిలోంచి కవరు తీసుకున్నాడు. "ఇలా ఇవ్వమ్మా, నేను ఫిల్ చేసేస్తా. సైన్ కూడా నేనే చేసేస్తాలే, నీ చెయ్యి షేక్ అవుతుంది కదా."

అందులో వాడి తప్పేమీ నాకు కనిపించలేదు. మన ఇళ్ళల్లో అంతే కదా. బ్యాంకు కాగితమైనా, డాక్టరు కాగితమైనా, పెద్దవాళ్ళ పని పిల్లలు చేసేస్తారు. అది సేవ అనే అనుకుంటాం. టేబుల్ చుట్టూ ఇంకో నలుగురు కొడుకులూ కోడళ్ళూ అప్పటికే పెన్నులు తీశారు.

మాస్టారు పళ్ళెం కింద పెట్టారు. "శ్రీనూ, ఆ కవరు మీద ఎవరి పేరుందయ్యా?"

"అమ్మదే మాస్టారూ. మేమంతా ఒకే ఇల్లు కదా."

"ఇల్లు ఒకటే. ఓటు ఒకటి కాదు."

గొంతు పెంచలేదు. కానీ పెన్నులన్నీ ఆగాయి. సంతకం ఎవరిది వాళ్ళే చెయ్యాలని, వంకరగా వచ్చినా అది వాళ్ళదే కావాలని చెప్పారు. అక్కడి దాకా నాకు అభ్యంతరం లేదు. చట్టం చట్టమే. అప్పుడు శ్రీను వాళ్ళమ్మ కవరు వెనక్కి తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని అడిగింది. "అయితే మీరే చెప్పండి మాస్టారూ. ఎవరికి వెయ్యమంటారు?"

గదంతా ఆయన వైపు తిరిగింది. నేను పెరుగు గిన్నె పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్నాను. నా ప్రాణం కుదుటపడింది. నెలల తరబడి నాతో ఎండలో తిరిగిన మనిషి. ఒక్క మాట అంటే చాలు. ఆయన నా కళ్ళలోకి చూశారు. చూసి, ఆవిడ వైపు తిరిగారు.

"నేను చెప్పనమ్మా. ఇద్దరూ ఏమంటున్నారో చదువుకోండి. ఇంటికెళ్ళి, తలుపేసుకుని, మీకు తోచినవాళ్ళకు వెయ్యండి."

ఆవిడ కాస్త ఆలోచించింది. "అయితే నేను ఆ టీచరమ్మకు వేస్తా. మా మనవడికి చదవడం రాకపోతే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది." నా వైపు తిరిగి, "ఏమీ అనుకోకమ్మా. గుత్తివంకాయ మాత్రం బ్రహ్మాండంగా ఉంది" అంది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకెంత భారమైందో పెరుగు గిన్నెకు తెలుసు. పెద్దవాళ్ళంతా కవర్లు చీరకొంగుల్లో, చొక్కా జేబుల్లో జాగ్రత్త చేసుకుని ఇళ్ళకు వెళ్ళిపోయారు. కొందరు వేశారు. కొందరు ఎవరికి వెయ్యాలో తేలక ఫ్రిజ్ మీద పెట్టి మరిచిపోయారు. ఆ రోజు మా ఇంట్లో భోంచేసినవాళ్ళందరూ నాకు వేసి ఉంటే గెలిచేదాన్ని. అంత తక్కువలో ఓడిపోయాను.

ఓడిన వారం మాస్టారు గొడుగు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఓదార్చడానికి వచ్చారనుకున్నాను. కాదు, అడుగుతానని తెలిసి వచ్చారు. అడిగేశాను. నా వెనక ఉంటానన్నారు, ఉండాల్సిన చోట లేకుండా పోయారు, ప్రతి తలుపు దగ్గరా నా గురించి చెప్పిన మనిషికి నా ఇంట్లో నా గురించి చెప్పడానికి నోరు రాలేదా అన్నాను.

"తలుపుల దగ్గర నేను నీ మనిషిని. వాళ్ళ ముందు మాస్టారిని" అన్నారు. "నా ఓటు నీకే వేశాను. వాళ్ళ ఓట్లు నావి కావమ్మా, తీసి నీకివ్వడానికి."

"ఒక్క మాట మాస్టారూ. ఒక్క మాటతో అయిపోయేది."

"ఆ ఒక్క మాట వినకుండా బతకడం నేర్పడానికే కదా ఆ క్లాసు" అన్నారు. క్షమించమని అనలేదు. కాఫీ ఇచ్చాను, తాగి వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు కూడా మా గడ్డి తొక్కకుండా చుట్టూ తిరిగే వెళ్ళారు.

నాకు కోపం పోలేదు. పోయిందని రాస్తే చదవడానికి బాగుంటుంది గానీ అబద్ధం అవుతుంది. శనివారాలు కనబడితే నమస్కారం పెట్టేదాన్ని, అవసరమైతే కారులో దింపేదాన్ని. భోజనానికి మాత్రం మళ్ళీ పిలవలేదు. ఆయన చేసింది న్యాయమని మా ఆయన అంటారు. కావచ్చు. నమ్మినవాళ్ళకు న్యాయం ఒక్కోసారి వెన్నుపోటులాగే తగులుతుంది. గెలిచి ఆ మార్పు ఆపాల్సిన పని నాది. మా వీధి పిల్లలు ఇప్పుడు ఫ్రీవే దాటి వెళుతున్నారు.

చివరిసారి ఆయన్ను చూసింది వాళ్ళమ్మాయి ఇంట్లో, మంచం మీద. సుద్దముక్క పక్కనే టేబుల్ మీద ఉంది. ఆ సీటుకు మళ్ళీ ఎన్నికలొస్తున్నాయి, నిలబడతావా అని అడిగారు. మీరు చెప్పండి మాస్టారూ, నిలబడనా అన్నాను, కొంచెం ఎత్తిపొడుస్తూనే. ఆయన కళ్ళు మూసుకుని నవ్వారు. "నేను చెప్పనమ్మా."

ఒళ్ళు మండింది. ఆ మంటలోనే వెళ్ళి పేరు ఇచ్చేశాను.

బ్యాలెట్లు ఈ వారం వచ్చాయి. వాటి మీద మళ్ళీ నా పేరుంది. ఈ ఊరు మొత్తంలో నాది కాక ఎటు పడుతుందో నాకు కచ్చితంగా తెలిసిన ఓటు ఒక్కటే ఉండేది. అదీ పట్టుకుపోయారు మాస్టారు.

నిన్న మధ్యాహ్నం మా అత్తగారు తన కవరు, కళ్ళజోడు, పెన్ను తీసుకుని గదిలోకి వెళ్ళారు. చీర మార్చుకునేటప్పుడు కూడా తలుపు దగ్గరగా వేస్తారే గానీ లాక్ చెయ్యని మనిషి. లాక్ పడిన చప్పుడు వినిపించింది. పోయినసారి ఎవరికి వేశారో నాకు ఇప్పటికీ తెలియదు. ఆవిడకిష్టమైన డికాక్షన్ కాఫీ కలుపుకుని వెళ్ళి, అత్తయ్యా, కాఫీ అన్నాను.

"అక్కడే ఉండమ్మా, వస్తాను" అన్నారు లోపలినుంచి.

గ్లాసు పట్టుకుని తలుపు బయట నిలబడ్డాను. కాఫీ మీద మీగడ కట్టింది. లోపల కాగితం తిరగేసిన చప్పుడు, కాసేపాగి ఇంకోసారి తిరగేసిన చప్పుడు. ఆవిడ చదువుకుంటున్నారు.