వైట్‌నర్ కింద ఇరవై ఒకటి

మా అమ్మాయి ఆరో తరగతి. బడిలో గణిత ప్రదర్శన ఉందంటే ఒక పెద్ద సంఖ్యని ఎంచుకుంది. తొమ్మిది ఒకట్లు పక్కపక్కన రాసి, ఆ సంఖ్యని దాంతోనే గుణిస్తే 12345678987654321 వస్తుంది. ఒకటి నుంచి తొమ్మిదిదాకా ఎక్కి, మళ్ళీ ఒకటిదాకా దిగుతుంది. ఎటు నుంచి చదివినా ఒకటే. చేత్తోనే గుణించి, చార్టు మీద రంగు రంగుల స్కెచ్ పెన్నులతో రాసి, ప్రగతి నగర్‌లోని మా ఫ్లాటంతా గెంతులేసింది.

"మీరూ ఒకసారి చూడండి, రేపు అందరి ముందూ పెట్టాలట" అంది మా ఆవిడ. నాకెక్కడ తీరిక? ఆఫీసు కాల్‌లో ఉన్నాను. ఆ నెలంతా మా ఆఫీసులో మనుషుల్ని తీసేస్తున్నారు. ఇంట్లో కంచాల ముందు కూడా అదే గోల. చెవిలో కాల్ నడుస్తుండగానే ల్యాప్‌టాప్‌లో స్ప్రెడ్‌షీట్ తెరిచి గుణించాను. చివర 4321 బదులు 4300 వచ్చింది.

"చివరి రెండంకెలూ తప్పు. సున్నాలు పెట్టు" అన్నాను.

"కాదు డాడీ, చివర ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటే కదా? సున్నా ఎట్లొస్తది?"

"కంప్యూటర్ కంటే నీకెక్కువ తెలుసా? పొద్దస్తమానం నేను చేసే పనే ఇది తల్లీ!"

చార్టుని మళ్ళీ నేల మీద పరిచింది. 21 మీద వైట్‌నర్ పూసి, ఆరేదాకా ఊది, రెండు సున్నాలు రాసింది. గెంతులు మాత్రం ఆగిపోయాయి.

మర్నాడు రాయదుర్గం ఆఫీసు నుంచి మధ్యలో లేచి, మెడలో ఐడీ కార్డుతోనే బడికి వెళ్ళాను. లెక్కల మేడమ్ మా అమ్మాయి చార్టు ముందు నిలబడి గోటితో వైట్‌నర్ గీకుతున్నారు. కింద నుంచి 21 బయటపడింది.

"ముందుగాల మంచిగనే రాసినవ్ కదా బిడ్డా, మళ్ల ఎందుకు దిద్దినవ్?"

అప్పుడు వెలిగింది నాకు. పదిహేను అంకెలు దాటితే స్ప్రెడ్‌షీట్ మిగతావాటిని సున్నాలు చేసేస్తుంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి ఈ ముక్క చెప్పేదే నేను! నా తెలివి తెల్లారినట్టే ఉంది. "నేనే దిద్దించానండీ" అనాలి. అనకుండా మెడలో ఐడీ కార్డు సర్దుకున్నాను.

మా అమ్మాయి ఒక్కసారి నా వైపు చూసింది. "నేనే పొరపాటున దిద్దిన మేడమ్" అంది.

చుట్టూ ఉన్న తల్లిదండ్రులు నవ్వారు. వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. ఛీ, ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతున్నాను.

తిరిగొస్తుంటే కారులో అడిగాను. "డాడీ చెప్పారని మేడమ్‌తో అనాల్సింది కదమ్మా?"

చార్టుని చుట్టి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి చూస్తోంది.

"మేడమ్ వాళ్ళాయనది కూడా మీ ఆఫీసే కదా డాడీ. నీకు లెక్క తప్పిందని తెలిస్తే నిన్ను కూడా తీసేస్తరేమోనని."