యాప్రాల్ వాగు మట్టాలు

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు నన్ను సికింద్రాబాద్‌కు డిప్యూటీ ఇంజనీరుగా వేసి, యాప్రాల్ పక్కగా పారే వాగు సర్వే అప్పగించారు. వరదొస్తే నీళ్లు ఎక్కడిదాకా ఎక్కుతాయో లెక్కగట్టి, ఆ గీతకు లోపలున్న ఇళ్లకు ఎర్ర గుర్తు వేయాలి. గుర్తు పడ్డ ఇల్లు ఖాళీ చేయాల్సిందే.

కోస్తా నుంచి వచ్చినవాణ్ణి, మొదట దాన్ని వాగని ఒప్పుకోలేదు, మురిక్కాలువ అనుకున్నాను. నాలుగు రోజులు వెంట నడిచాక బుద్ధొచ్చింది. ఎత్తు మీది చెరువు అలుగు దగ్గర మొదలై, గుండ్ల మధ్య గబగబా దిగి, యాప్రాల్ చదునులో వెడల్పుగా పరుచుకుంటుంది. మనం గోడలు కట్టి ఎంత ఇరికించినా దాని పల్లం అది వదల్లేదు. భలే ముచ్చటేసింది నాకు.

మట్టాల కొలత ఎత్తు తెలిసిన రాయి దగ్గర మొదలవుతుంది. దాన్ని బెంచి మార్కు అంటాం. మాది పాత కల్వర్టు పిట్టగోడ మీది రాయి. అక్కడ మొదలెట్టి, వాగంతా తిరిగి, మళ్లీ అక్కడికే వచ్చి ముగించాం. లెక్క పిసరంత తేడా లేకుండా కలిసింది. నా అంత మొనగాడు లేడనుకున్నాను.

లెక్క కలిసిన మూడో రోజు ఖాజా మియా నన్ను కల్వర్టు దగ్గరికి రమ్మన్నాడు. కొలబద్ద పట్టుకునే మనిషి, ముప్పై ఏళ్ల సర్వీసు, వాగొడ్డునే ఇల్లు. మేస్త్రీలు మట్టం చూసుకోడానికి వాడే నీళ్ల పైపు రెండు పిట్టగోడల మధ్య పట్టి చూపించాడు. ఒకప్పుడు రెండూ సమానమట. ఇప్పుడు మా రాయి ఉన్న వైపు బెత్తెడు కుంగింది. దాన్ని పాత ఎత్తే అనుకుని కొలిచాం కాబట్టి ప్రతి ఇల్లూ ఉన్నదానికన్నా ఎత్తులో తేలింది. అంటే మునిగే ఇళ్లను భద్రమని రాశాను.

"మరి మీ ఇల్లో, ఖాజా మియా?" అనడిగాను.

"మా గడప సుత లోపటికొస్తది సార్. గందుకే రెండు దినాలు నోరు మెదపలే. మల్ల పక్కింట్ల పసిపిల్లలున్నరు గద," అన్నాడు.

లాలాగూడ వైపున్న మరో బెంచి మార్కు నుంచి మూడు రోజులు కొలుచుకుంటూ వచ్చాం. బెత్తెడు తేడా నిజమే. చివరికి తన గడప మీద ఖాజాయే బద్ద పట్టాడు. దాన్ని వేలెడు పైకెత్తితే చాలు, ఇల్లు గీత బయటపడేది. ఆ కిటుకు అతనికి నాకన్నా బాగా తెలుసు. ఎత్తలేదు. బద్ద మీది అంకె రెండుసార్లు చదివి, ఎర్ర గుర్తు నేనే వేశాను. ఒక మనిషి ముందు అంత సిగ్గూ, అతని మీద అంత గౌరవమూ నాకు ఒకేసారి ఎన్నడూ కలగలేదు.

వానలకు ముందే ఖాజా కుటుంబం ఎత్తు మీద కిరాయింటికి మారింది. మొదలెట్టిన రాయి మీదే ముగిస్తే మన కొలత సరిగ్గా ఉందని తెలుస్తుంది. రాయి సరిగ్గా ఉందని తెలియదు. ఆ తర్వాత ఏ సర్వే అయినా ఒక రాయి మీద మొదలెట్టి ఇంకో రాయి మీదే ముగించాను.