కంచాలు తిప్పిన శుక్రవారం

పక్క వీధిలో ఎవరో నిప్పుల మీద కోడి కాలుస్తున్నారు. వెనిగర్, నిమ్మగడ్డి కలిసిన ఆ పుల్లటి పొగ కిటికీలోంచి వస్తే అందరికీ నోరూరుతుంది, నేను మాత్రం లేచి కిటికీ మూసేస్తాను. ఇన్నేళ్ళయినా అంతే. తొంభైల్లో నాకు దోహాలో టైపిస్టు ఉద్యోగం. మా సెక్షన్ ఇన్‌ఛార్జి నెనీతాది ఫిలిప్పీన్స్‌లో బకోలోద్. వాళ్ళ వైపు అక్కని ‘మనాంగ్’ అంటారు. మేమూ అలాగే పిలిచేవాళ్ళం. కాకినాడ నుంచి వచ్చి, ఫోన్ ఎత్తడానికే వణికిపోయే నాకు పని నేర్పిందామె. నా తప్పులకి తను తిట్లు తింది. నన్ను ‘ఇందాయ్’ అనేది, అంటే అమ్మాయీ అని.

ఏటా అక్టోబరులో వాళ్ళ ఊళ్ళో జనం నవ్వు ముఖాల ముసుగులు పెట్టుకుని వీధుల్లో ఆడతారు. ఆ శుక్రవారం అల్ ముంతజాలోని తన ఫ్లాట్‌లో మనాంగ్ మాకూ, దోహాలో ఉన్న తన ఊరివాళ్ళకీ పండగ భోజనం పెట్టింది. గోడ నిండా అట్టముక్కల ముసుగులు. బకోలోద్ ఆసుపత్రిలో ఆమె తొమ్మిదేళ్ళ కూతురు డెంగ్యూతో పడి ఉంది. దేశం దాటాలంటే కంపెనీ ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. మేనేజరేమో వారం నుంచీ “బుక్రా, బుక్రా” అంటున్నాడు, రేపు, రేపు అని. వాడి మొహం మండ!

“ఇప్పుడీ పండగేమిటి మనాంగ్? నీకు చేతులెలా ఆడుతున్నాయి?” బాల్కనీలోకి వెళ్ళి కోపంగానే అడిగాను.

ఆమె నిప్పుల మీద కోడిముక్కలు తిప్పుతూనే ఉంది. “ఇది సంతోషంలో పుట్టిన పండగ కాదు ఇందాయ్. చక్కెర ధర పడిపోయి ఊరు పస్తులుంది. అదే ఏడాది ఓడ మునిగి మావాళ్ళు ఎందరో పోయారు. ఇంటింటా ఏడుపే. అప్పుడు మొదలుపెట్టారు. ఊరికే కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది. పద, తిందువుగాని.”

అందరం తింటూండగా కంపెనీ డ్రైవరు తలుపు కొట్టాడు. పర్మిట్ వచ్చింది! మనాంగ్ ఎంగిలి చేత్తోనే లేచి పెట్టె అందుకుంది. వెంటనే వాళ్ళ ఊరివాళ్ళంతా ఎవరి కంచం వాళ్ళు గుండ్రంగా తిప్పారు. భోజనం మధ్యలో ఎవరైనా ప్రయాణమైతే, క్షేమంగా చేరాలని మిగతావాళ్ళు అలా తిప్పాలట. తినే కంచం కదిపితే మా అమ్మ చేతి మీద ఒక్కటి వేసేది. అయినా తిప్పాను. ఒకసారి చాలదేమోనని మళ్ళీ తిప్పాను.

మనాంగ్ క్షేమంగానే చేరింది. పాప ఆ ఉదయమే, తల్లి ఇంకా దారిలో ఉండగానే పోయింది. ఒక్కరోజు ముందు పంపితే పిల్ల తల్లిని చూసుకునేది కదా!

కాంట్రాక్టు మిగిలి ఉంది, మనాంగ్‌కి దోహా తిరిగి రాక తప్పలేదు. “అంత సీరియస్ అని నాకేం తెలుసు?” అన్నాడు మేనేజరు, మా అందరి ముందూ.

“తల్లి అడిగింది కదా సార్,” అంది మనాంగ్. “ఇంకేం తెలియాలి?”

ఆమె కూర్చుని పనిలో పడింది.

ఇప్పుడు హైదరాబాదులో నా కింద పదిమంది పనిచేస్తున్నారు. ఇంట్లో బాగాలేదు మేడమ్ అని ఎవరొచ్చినా, ఎవరికి, ఏమైంది అని అడగను. ముందు బయల్దేరు అంటాను. మొన్నొకడు అలాగే చెప్పి సినిమాకి పోయాడట. ఆఫీసంతా నన్ను చూసి ఒకటే నవ్వు.

పోనీ.