రూపాయి బిళ్లంత అద్దం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ముఖం చూసుకునే అద్దం ఒక్కటే ఉండేది. అది మా బాపుది. గడ్డం గీసుకునేటప్పుడు గుంజకు తగిలించేవాడు, పని కాగానే తీసి చూరులో దోపేవాడు. ఆడపిల్ల అద్దం ముందు నిలబడితే మా అమ్మకు నచ్చేది కాదు. అందుకని పదేళ్లు వచ్చినా నా ముఖం ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు. తెలియదన్న సంగతి కూడా తెలియదు.

మాది గార్ల దగ్గర ఒక తండా. బడి పక్క ఊళ్లో. బొమ్మలు గీయడంలో నన్ను మించినవాళ్లు ఆ బడిలో లేరని నాకు గట్టి నమ్మకం. నేను ఎద్దును గీస్తే అది ఎవరి ఎద్దో పిల్లలు చెప్పేసేవాళ్లు. ఐదో తరగతిలో మా సారు ఒకరోజు ఎవరి ముఖం వాళ్లు గీసుకు రమ్మన్నారు. బాగున్నదాన్ని బడి గోడకు అంటిస్తామన్నారు. నేను ఇంటికి వెళ్లి, కిరాణా కొట్టువాళ్లు ఇచ్చిన క్యాలెండర్ ముందు కూర్చున్నాను. అందులోని అమ్మవారి కళ్లు, ముక్కు, నున్నని బుగ్గలు అన్నీ దించి, రెండు జడలు మాత్రం నావి పెట్టాను. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మర్నాడు సారు ఆ కాగితం పైకెత్తి, ఇదెవరో చెప్పండని పిల్లల్ని అడిగారు. ఒక్కరూ చెప్పలేదు. నేనే లేచి నిలబడి, నేనేనన్నాను. తరగతంతా ఘొల్లుమంది. "గిది నువ్వా? గింత తెల్లగ ఎప్పుడైనవే?" అని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. సారు నవ్వలేదు. కానీ ఆ కాగితం గోడకు ఎక్కలేదు.

ఆ రోజుతో బొమ్మలు మానేశాను. వానాకాలం పోయింది, చలి వచ్చి వెళ్లింది, మిరపతోటలు ఎర్రబడ్డాయి. నేను బొగ్గుముక్క ముట్టలేదు. కొత్తగా అలికిన గోడ కనిపిస్తే చేతులు ఆగని దాన్ని, గోడల వైపు చూడకుండా తల వంచుకుని నడిచేదాన్ని. గోడలు శుభ్రంగా ఉంటున్నాయని మా అమ్మకు హాయిగానే ఉంది. మా నానమ్మకే బెంగ పట్టుకుంది.

నానమ్మ తండాలో పెళ్లిళ్లకు అద్దాల లంగాలు కుట్టేది. రూపాయి బిళ్లంత అద్దం ముక్కను గుడ్డ మీద పెట్టి, చుట్టూ రంగుదారంతో బిగించి కుట్టడంలో ఆమెది పెట్టింది పేరు. ఒక మధ్యాహ్నం అందరూ మిర్చి ఏరడానికి పోయాక, నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. ఇంట్లో మేం మాట్లాడుకునేది మా తండా భాషే. ఆమె మాటలు ఇక్కడ మా ఊరి తెలుగులో చెబుతున్నాను.

"బిడ్డా, నా కండ్లు మసక మసకగున్నయి. గీ అద్దాలల్ల ఏది మంచిదో ఏది మాసిందో కనవడ్తలేదు. ఒక్కొక్కటి పట్టుకొని, అండ్ల ఏం కనవడ్తుందో జర చెప్పు."

మొదటి ముక్క ముఖం దగ్గర పెట్టుకుని, కన్ను అన్నాను.

"కన్ను ఎవరికి లేదు? ఎసొంటి కన్ను? గోడ మీద పెద్దగ గీయి, పెద్దదైతే నాకు కనవడ్తది."

పొయ్యిలోంచి చల్లారిన బొగ్గు తీసి నా చేతిలో పెట్టింది. బండి మీదినుంచి పడ్డప్పటి గాటు నా కనుబొమలో ఉందని వేలితో తడిమి తెలుసు గానీ, చూడడం అదే మొదలు. గీశాను. ఇంకో ముక్క ఇచ్చింది. అందులో వెడల్పాటి ముక్కు. ఇంకోదాంట్లో పగిలిన పెదవి, సందున్న పళ్లు. మరోదాంట్లో, కుట్టించిన రంధ్రం పూడకుండా వేపపుల్ల దోపిన చెవి. ఒక్కో అద్దంలో ఒక్క ముక్కే పట్టేది. క్యాలెండర్ అమ్మవారికి అందులో చోటే లేదు. ఇది ఇటు పక్కకు, అది కొంచెం కిందికి అంటూ నానమ్మ ముక్కలు అందిస్తూనే ఉంది.

అద్దాలు అయిపోయాక వెనక్కి జరిగి చూశాను. గోడ మీదినుంచి ఒక నల్లటి మొండి పిల్ల నన్నే చూస్తోంది. నాకు నచ్చింది. అంతకుముందు గీసిన వాటిలో ఏదీ నాకు అంత నచ్చలేదు.

పొద్దు వాలాక మా అమ్మ మిర్చి ఘాటుకు తుమ్ముతూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. గోడ పాడుచేశానని తిడుతుందనుకున్నాను. "ఓయమ్మో, గిది అచ్చం నువ్వే గదనే!" అంది. పండుగ వచ్చేదాకా ఆ గోడను అలకలేదు. నానమ్మ మాత్రం ఏమీ ఎరగనట్టు సూది తీసి, అందులోకి దారం ఒక్కసారికే ఎక్కించి, కుట్టుకు కూర్చుంది. మసక కళ్ల ముసలమ్మ!

మర్నాడు ఆ ముఖాన్నే కాగితం మీద గీసి బడికి తీసుకెళ్లాను. ఈసారి సారు ఎవరని అడగాల్సిన పని లేకపోయింది. వెనక వరసే ముందుగా నా పేరు అరిచింది. ఆ కాగితం ఏడాది చివరిదాకా బడి గోడ మీదే ఉంది.

తర్వాత నర్సు ఉద్యోగం, భూపాలపల్లిలో గని కార్మికుడితో కాపురం, పిల్లలు. బొమ్మలు మళ్లీ మూలపడ్డాయి. ముప్పై ఏళ్ల పైమాటే. రిటైరయ్యాక మొన్నటి వానాకాలంలో డ్రాయింగు పుస్తకం కొని, నా ముఖమే గీద్దామని బీరువా అద్దం ముందు కూర్చున్నాను. మూడు రోజులు గీశాను. మూడు రోజులూ నల్లజుట్టుతో, ముడత లేని ఎవరో నలభై ఏళ్ల ఆవిడే వచ్చింది. నాలుగో రోజు విషయం అర్థమై ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. మళ్లీ క్యాలెండరే దించుతున్నాను!

పెట్టె తెరిచి, గుర్తుగా దాచుకున్న నానమ్మ కుట్టిన లంగా ముక్క నుంచి ఒక అద్దం ఊడదీశాను. ముందు కన్ను చూశాను. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను, పైన అదే గాటు. దాన్ని గీశాను. తర్వాత జారిన చెంప, నెరిసిన చెంపవెంట్రుకలు, పెదవి చుట్టూ గీతలు, ఒక్కటీ వదల్లేదు. సాయంత్రానికి పూర్తిచేసి హాల్లో గోడకు అంటించాను. గిన్నె తిరిగి ఇవ్వడానికి వచ్చిన పక్కింటి అమ్మాయి దాని ముందు ఆగిపోయింది. "అవ్వా, గిది అచ్చం నువ్వే!" అంది. అరవై ఆరేళ్ల మనిషిని, చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

ఆ అద్దం ఇప్పుడు నా కళ్లద్దాల డబ్బాలో ఉంటుంది. నన్ను నేను ఉన్నదానికంటే ఎక్కువగానో తక్కువగానో అనుకుంటున్నానని అనుమానం వచ్చినప్పుడు తీసి చూసుకుంటాను. ఒక్క కన్నే కనిపిస్తుంది. మొదలుపెట్టడానికి అది చాలు.