మ్యాటరు దిక్కు తిరిగిన అణువు

కడపలో పరిశోధన చేసిన ఆ ఏళ్లలో నాకు తోడున్నది ఒకే ఒక్క అణువు. నాతోపాటు చేరినవాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదు మందుల కంపెనీలకు వెళ్లిపోయారు. ల్యాబులో నేనొక్కణ్ణే మిగిలాను. నేను తయారుచేసిన పదార్థం స్ఫటికం కట్టి, దాని అణువు కంప్యూటర్ తెరమీద గిర్రున తిరిగినప్పుడు, చూపించుకోవడానికి పక్కన ఎవరూ లేరు. మెస్సులో అన్నం వడ్డించే ఆయనతో చెబుదామా అని కూడా అనిపించింది.

దాని గురించి వ్యాసం రాసి ఒక పత్రికకు పంపాను. నా ఆశ చాలా చిన్నది. ఎక్కడో ఒక మనిషి ఆ బొమ్మ దగ్గర ఆగి, శ్రద్ధగా చూడాలి. పత్రికవాళ్లు వ్యాసం బాగుందన్నారు గానీ బొమ్మ వెనక్కి పంపారు. పెద్దది చేస్తే చుక్కలుగా చెదిరిపోతోందట. ఎంత సాగదీసినా గీత చెదరని వెక్టర్ ఫైలు కావాలన్నారు. మా ల్యాబు సాఫ్ట్‌వేర్ అలాంటి ఫైలు ఇచ్చింది గానీ, పరమాణువులను చూపే బంతుల వెనక దాగాల్సిన గీతలన్నీ ముందుకొచ్చి పడ్డాయి. చూస్తే చిక్కుపడిన నూలు లాగా ఉంది. దాన్ని సరిచేసే ప్రోగ్రాము మా డిపార్ట్‌మెంటులో లేదు, బజారులో పెళ్లికార్డులు వేసే డీటీపీ షాపులో ఉంది.

షాపాయన ఫైలు తెరిచి, మౌసుతో ఒక నత్రజని పరమాణువును పట్టి పక్కకు లాగాడు. అది ఊడి వచ్చేసింది. "అయ్యో!" అన్నాను.

"భయపడొద్దప్పా, యాడిది ఆడ పెడతా. నువ్వు పోయి టీ తాగి రాపో."

కొలత కోసం తెచ్చిన వ్యాసం పేజీ ఆయన చేతికిచ్చి వెళ్లాను. తిరిగొచ్చేసరికి గీతలన్నీ బంతుల వెనక్కి సర్దుకున్నాయి, అంచులు నున్నగా ఉన్నాయి. మురిసిపోయి సీడీలో వేయించుకుని, నెట్ సెంటరు నుంచి పంపేశాను.

అచ్చయిన ప్రతి చూస్తే, ఎడమవైపు ఉండాల్సిన కొస కుడివైపు ఉంది. అద్దంలో బొమ్మ! ఎడమకాలి చెప్పు కుడికాలికి పనికిరానట్టే, ఇలా తిరగబడిన అణువు వేరే పదార్థం అవుతుంది. మండిపడుతూ షాపుకు వెళ్లాను.

"నేనే తిప్పినా," అన్నాడాయన నింపాదిగా. "అది పేజీకి వీపు పెట్టుకోని, చెయ్యి బయటికి సాచి ఉండాది. పెండ్లికార్డులో ఎంత పెద్ద దేవుడైనా మ్యాటరు దిక్కే, అచ్చేసిన అక్షరాల దిక్కే సూడాల కదప్పా. తిప్పి, అక్షరాలు మళ్లా సరిగ్గా పెట్టినా."

ఆ శ్రద్ధ చూశాక నా కోపం దిగిపోయింది. మందుల్లో ఇలా దిక్కు మారితే పదార్థమే మారిపోతుందని చెప్పి, గదికొచ్చి, పత్రికకు సవరణ పంపాను. అది అచ్చయ్యేలోగా ఎవరో ఒకరు తప్పు పట్టి రాస్తారని రోజూ సాయంత్రం నెట్ సెంటరుకు వెళ్లి చూసుకునేవాణ్ణి. లాటరీ తగిలిందనే మెయిళ్లు తప్ప ఏమీ ఉండేవి కావు. తిట్టినా బాగుండేది. సవరణ కూడా అచ్చయింది. దాని గురించీ ఎవరూ అడగలేదు.

ఒకనాడు షాపు ముందు నుంచి పోతుంటే ఆయనే పిలిచాడు. ముఖం వాడిపోయి ఉంది.

"ఏమప్పా, శానా రోజుల్నుంచి అడగాలనుకుంటాండా. మందులకు సంబంధించింది కదా. నేను తిప్పిన దాంతో ఎవురికన్నా ఏమన్నా అయ్యిందా?"

"ఏం కాలేదులేన్నా," అన్నాను. "ఎవురూ సూడలేదు."

ఆయన హమ్మయ్య అనుకుంటూ కుర్చీలో వెనక్కి వాలాడు.